యుద్ధం గురించి చదవాలంటే ఓడినవాళ్ల దగ్గర మొదలుపెట్టండి

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా తమ్ముడు ఆర్మీలో చేరి మూడేళ్లయింది. 2025 మే నెలలో పాకిస్తాన్‌తో ఆ నాలుగు రోజులూ అమ్మ రాత్రంతా టీవీ ముందే కూర్చుంది. కరాచీ రేవు తగలబడిపోయిందని కొన్ని చానెళ్లు చెప్పాయి. తెల్లారేసరికి అలాంటిదేమీ జరగలేదని తేలింది. యుద్ధం ఎలా జరుగుతుందో, ఎవరు ఏం ఆలోచించి నిర్ణయం తీసుకుంటారో నాకు ఏమీ తెలియదని అప్పుడు అర్థమైంది. సన్ ట్జు ‘ది ఆర్ట్ ఆఫ్ వార్’ కొని రెండు రోజుల్లో చదివేశాను, ఏమీ ఒంటపట్టలేదు. క్లాజ్‌విట్జ్ ‘ఆన్ వార్’ నలభై పేజీల దగ్గర ఆగిపోయింది. ఇంగ్లిష్ చదవగలను కానీ మరీ బరువైనవి కష్టం. ఏ పుస్తకాలు, ఏ వరసలో చదవాలి? తెలుగులో ఏమైనా ఉన్నాయా? ఇవన్నీ చదివితే టెన్షన్ ఇంకా పెరుగుతుందా?

సమాధానం:

అమ్మా, మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. చదివితే భయం పోదు. తమ్ముడు యూనిఫాంలో ఉన్నంతకాలం ఆ భయం ఇంట్లో ఒక మూల ఉంటూనే ఉంటుంది. టీవీ పెంచే టెన్షన్ మాత్రం వేరు. దానికి తలా తోకా ఉండవు. ఏ మాటకు కంగారుపడాలో, ఏ మాటను పక్కన పెట్టాలో తెలియక వచ్చేది అది. చదువుతో తగ్గేది ఆ రెండోదే. ఆ నాలుగు రోజుల్లో మీ అమ్మగారిని నిద్రపోనివ్వనిది కూడా చాలావరకు అదే అయివుంటుంది.

మా బాబాయి ఆర్మీ సర్వీస్ కోర్‌లో లారీ డ్రైవరు. 1971లో తూర్పు వైపు పనిచేశాడు. సెలవులకు ఊరొచ్చినప్పుడు పిల్లలమంతా చుట్టూ చేరి ‘ఎంతమందిని కాల్చావు బాబాయ్’ అని అడిగేవాళ్లం. ఆయన డీజిల్ గురించి, బురదలో దిగబడిన చక్రాల గురించి, పడవలు వరసగా కట్టి వేసిన వంతెన మీద రాత్రిపూట లైట్లు ఆర్పేసి లారీ నడపడం గురించి చెప్పేవాడు. మాకు నిరాశగా ఉండేది. యుద్ధం కథ చెప్పమంటే రోడ్డు కథ చెబుతున్నాడేమిటని. చాలా ఏళ్ల తర్వాత పుస్తకాలు చదవడం మొదలుపెట్టాక తెలిసింది, ఆయన చెప్పిందే అసలు కథ అని.

ఇప్పుడు వరస సంగతి. ప్రాచీన చైనా సన్ ట్జుతో, రెండు వందల ఏళ్ల నాటి ప్రష్యా సైనికాధికారి క్లాజ్‌విట్జ్‌తో మొదలుపెట్టడమే మిమ్మల్ని ఆపేసింది. ఒక్క యుద్ధం కూడా దగ్గరగా చూడకుండా యుద్ధ సూత్రాలు చదివితే అవి సుభాషితాల్లాగే ఉంటాయి. అన్నీ నిజమే అనిపిస్తాయి, ఏదీ పట్టుకోదు. ముందు ఒకటి రెండు యుద్ధాలను లోపలి నుంచి చూడండి. అందులోనూ ఓడినవాళ్లు రాసిన పుస్తకాలతో మొదలుపెట్టండి. గెలిచిన సేనాని తాను అనుకున్నట్టే అంతా జరిగిందని రాస్తాడు. అదృష్టం కలిసొచ్చిన చోట కూడా తన ప్లానే చూస్తాడు. ఓడినవాడికి ఆ వెసులుబాటు లేదు. ఎక్కడ తప్పు జరిగిందో తవ్వుకోక తప్పదు. తనను తాను సమర్థించుకునే ఓడినవాళ్లు కూడా ఉంటారు, వాళ్ల గురించి కింద చెబుతాను. కానీ నాకు తెలిసినంతలో ఈ విషయం మీద నిలిచే పుస్తకాల్లో ఎక్కువ భాగం ఓటమిలోంచి వచ్చినవే.

మొదటి పుస్తకం విలియం స్లిమ్ రాసిన ‘డిఫీట్ ఇంటూ విక్టరీ’. 1956లో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా రంగం గురించి ఆ రంగాన్ని నడిపిన సేనాని రాసింది. దీన్నే ముందు ఎందుకు చెబుతున్నానంటే, ఇది మీ జిల్లా కథ కూడా. మీ వైపు పెద్దవాళ్లు రంగూన్‌ను ‘రంగం’ అనడం వినే ఉంటారు. కూలి పనులకు, రేవు పనులకు, వ్యాపారానికి రంగం వెళ్లిన తెలుగువాళ్లు వేలల్లో. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. అంతకు ముందు నుంచే అడవుల గుండా, కొండల మీదుగా కాలినడకన ఇటు బయల్దేరిన జనంలో మన వాళ్లు ఎంతోమంది. విశాఖలో బర్మా క్యాంపు అనే పేరు ఇప్పటికీ ఉంది. ఆ ఏడాదే ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. మన నానమ్మలు, అమ్మమ్మలు నడిచొచ్చిన రోజుల్లోనే ఆ దేశం నుంచే స్లిమ్ సైన్యం కూడా వెనక్కి నడిచింది, దాదాపు 900 మైళ్లు. ఆ తిరోగమనంతోనే పుస్తకం మొదలవుతుంది.

ఆ సైన్యాన్ని మళ్లీ నిలబెట్టడం గురించి స్లిమ్ రాసిన అధ్యాయాలు ఈ పుస్తకానికి ప్రాణం. 1943లో గాయపడి వెనక్కి వచ్చిన ప్రతి ఒక్క సైనికుడికీ జబ్బుపడి వచ్చినవాళ్లు 120 మంది అని లెక్క చెబుతాడు. మలేరియా, విరేచనాలు, టైఫస్. శత్రువు కంటే దోమ ఎక్కువ మందిని పడగొడుతోంది. మలేరియా రాకుండా మెపాక్రిన్ మాత్ర రోజూ వేసుకోవాలని ఆదేశం ఉంది, కానీ జవాన్లు వేసుకోవడం లేదు. స్లిమ్ హఠాత్తుగా తనిఖీలు పెట్టించి, నూటికి 95 మంది మాత్ర వేసుకున్నట్టు తేలకపోతే ఆ యూనిట్ కమాండర్‌ను తీసేశాడు. ముగ్గురిని తీసేసేసరికి మిగతావాళ్లందరికీ విషయం అర్థమైందంటాడు. విమానాల నుంచి సరుకు దింపడానికి పారాచూట్లు చాలకపోతే కలకత్తా గోనె మిల్లుల్లో జనపనారతో తయారు చేయించాడు. 1944లో ఇంఫాల్, కోహిమా దగ్గర జపాన్ సైన్యం నడుం విరగడానికి వెనక ఈ మాత్రలూ, ఈ గోనెగుడ్డ పారాచూట్లూ ఉన్నాయి. ఆ సైన్యంలో ఎక్కువ మంది భారతీయులే అన్న సంగతి మనం మరిచిపోయాం, స్లిమ్ మరిచిపోలేదు.

స్లిమ్‌ను ముందు చదవమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇంఫాల్ దగ్గర సైన్యాన్ని వెనక్కి పిలిచే సమయం విషయంలో తాను పొరపాటు చేశానని, కోహిమాకు జపాన్ అంత పెద్ద బలగాన్ని పంపగలదని అంచనా వేయలేకపోయానని గెలిచిన తర్వాత కూడా రాశాడు. ఇలా రాయగలిగిన సేనానులు చాలా తక్కువ. ఇంగ్లిష్ కూడా తేలిక. మధ్యలో డివిజన్ల నంబర్లు, బ్రిగేడ్ల పేర్లు వరసగా వచ్చే పేజీలుంటాయి. అక్కడ ఆగిపోకండి, దాటేసి ముందుకు వెళ్లండి. సైన్యం మనోబలం దేని మీద నిలుస్తుందో చెప్పే అధ్యాయం మాత్రం రెండుసార్లు చదవండి.

తర్వాత 1962 చైనా యుద్ధం. దీని మీద ఒక్క పుస్తకం సరిపోదు, మూడు నాలుగు పక్కపక్కన పెట్టుకోవాలి. అలా పెట్టుకున్నప్పుడే ఈ విషయం ఎలా చదవాలో తెలిసివస్తుంది. మొదటిది బ్రిగేడియర్ జె.పి. దల్వీ రాసిన ‘హిమాలయన్ బ్లండర్’, 1969లో వచ్చింది. నమ్కా చూ అనే కొండవాగు ఒడ్డున ఉన్న ఏడో బ్రిగేడ్‌కు ఆయన కమాండర్. పైన థాగ్ లా గుట్ట మీద చైనా బలగాలు, కింద లోయలో మన జవాన్లు. చలికి తగిన బట్టలు లేవు. విమానాలు జారవిడిచిన సరుకులో చాలా భాగం ఎవరికీ అందని లోయల్లో పడిపోయేది. ఆ స్థితిలో శత్రువును గుట్ట మీది నుంచి తరిమేయాలని ఢిల్లీ నుంచి ఒత్తిడి. అక్టోబరు 20 తెల్లవారుజామున చైనా దాడి చేసింది. కొన్ని గంటల్లో బ్రిగేడ్ చెదిరిపోయింది. దల్వీ రెండు రోజుల తర్వాత చైనా చేతికి చిక్కి, 1963 మే నెలలో గానీ ఇంటికి రాలేదు. ఆ కోపం ప్రతి పేజీలో ఉంటుంది. ఆ కోపం న్యాయమైనదే, కానీ కోపంతో రాసిన పుస్తకం అని గుర్తుపెట్టుకుని చదవాలి.

ఆయన పై అధికారి లెఫ్టినెంట్ జనరల్ బి.ఎం. కౌల్ అంతకు రెండేళ్ల ముందే ‘ది అన్‌టోల్డ్ స్టోరీ’ రాశారు. దాడికి ముందు జబ్బుపడి ఢిల్లీకి వచ్చి, మంచం మీది నుంచే కోర్‌ను, అంటే ఆ రంగంలోని బ్రిగేడ్లన్నింటి మీదుండే పెద్ద దళాన్ని, నడిపిన ఆయన తన వైపు కథ చెప్పుకున్నారు. ఇందాక అన్నాను కదా, సమర్థించుకునేవాళ్లుంటారని. ఒకే వారం గురించి దల్వీ రాసింది, కౌల్ రాసింది వెంటవెంటనే చదవండి. కౌల్ జబ్బుపడక ముందు ఇద్దరూ అక్కడే ఉన్నారు, ఇద్దరి యుద్ధమూ వేరు. మూడోది నెవిల్ మాక్స్‌వెల్ అనే బ్రిటిష్ విలేకరి 1970లో రాసిన ‘ఇండియాస్ చైనా వార్’. తప్పంతా భారత్ వైపే వేస్తాడు. చదివితే రక్తం ఉడుకుతుంది. అయినా చదవాలి. ఎందుకంటే ఆ ఓటమి మీద సైన్యం జరిపించిన విచారణలో వచ్చి, మన ప్రభుత్వం నేటికీ బయటపెట్టని హెండర్సన్ బ్రూక్స్ నివేదికలోని విషయాలు ఆయనకు అప్పుడే తెలుసు. చైనా వైపు నిర్ణయాల గురించి మాత్రం ఆయన మాటను తేలిగ్గా నమ్మకండి.

నాలుగోది ఈ ముగ్గురి వేడి చల్లారాక రాసింది, శ్రీనాథ్ రాఘవన్ ‘వార్ అండ్ పీస్ ఇన్ మోడర్న్ ఇండియా’. 2010లో వచ్చింది. రాఘవన్ ముందు సైన్యంలో అధికారి, తర్వాత చరిత్రకారుడు. నెహ్రూ కాలంలో వచ్చిన సంక్షోభాలను వరసగా పరిశీలిస్తాడు. అందులో హైదరాబాద్ సంస్థానం మీద ఒక అధ్యాయం ఉంది. 1948 సెప్టెంబరులో సైన్యం హైదరాబాద్‌లోకి అడుగుపెట్టేదాకా నెలల తరబడి ఢిల్లీలో ఎంత తర్జనభర్జన జరిగిందో చదివితే, మనం పోలీసు చర్య అని ఒక్క ముక్కలో తేల్చేసేది ఎంత మెలికల వ్యవహారమో తెలుస్తుంది. మీరు ఉంటున్న ఊరే కాబట్టి ఆ అధ్యాయంతో మొదలుపెట్టినా తప్పులేదు.

1962 పాత కథ అని ఎవరైనా అంటే గల్వాన్ గుర్తు చేయండి. 2020 జూన్ 15న సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు, ఆయనతో పాటు 19 మంది జవాన్లు ప్రాణాలు ఇచ్చిన ఆ లోయలోనే 1962 అక్టోబరు 20న కూడా మన పోస్టు మీద దాడి జరిగింది. లోయ అదే, తగాదా అదే.

మూడో మెట్టు ఒక చిన్న పుస్తకం. నాకు చాలా ఇష్టమైనది. మార్క్ బ్లాక్ అనే ఫ్రెంచి చరిత్రకారుడి ‘స్ట్రేంజ్ డిఫీట్’. 1940లో ఆయనకు యాభై దాటాయి. అయినా సైన్యంలో చేరి, ఒక సైన్యం మొత్తానికి పెట్రోలు సరఫరా చూసే పని చేశారు. మా బాబాయి పనికి పై మెట్టు అనుకోండి. జర్మనీ దాడికి ఆరు వారాల్లో ఫ్రాన్స్ కుప్పకూలింది. ఆ వేసవిలోనే, కళ్ల ముందు జరిగింది ఇంకా పచ్చిగా ఉండగానే ఇది రాసి దాచిపెట్టారు. తర్వాత జర్మన్లకు వ్యతిరేకంగా రహస్యోద్యమంలో చేరారు. 1944 జూన్‌లో జర్మన్ రహస్య పోలీసు దళం గెస్టపో ఆయన్ని కాల్చి చంపింది. పుస్తకం 1946లో అచ్చయింది. ఫ్రాన్స్ దగ్గర ట్యాంకులు లేక ఓడిపోలేదని, కాలం వేగం మారిందని అధికారుల బుర్రకెక్కక ఓడిపోయిందని ఆయన చూపించిన తీరు చదవాలి. శత్రువు ఫలానా ఊరికి రావడానికి ఇన్ని రోజులు పడుతుందని లెక్క వేస్తారు, లెక్క పూర్తయ్యేలోపే శత్రువు ఆ ఊరు దాటేసి ఉంటాడు. ఆఫీసులో పని చేసేవాళ్లకు ఈ పుస్తకం ఇంకా బాగా అర్థమవుతుంది. ఫైలు ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు వెళ్లేలోపు ఎంత జరిగిపోతుందో మీకు తెలుసు.

ఇక్కడిదాకా వచ్చాక జాన్ కీగన్ ‘ది ఫేస్ ఆఫ్ బ్యాటిల్’ తీసుకోండి. 1976 నాటిది. బ్రిటిష్ సైనికాధికారులకు చరిత్ర చెప్పే మాస్టారు ఆయన. తాను ఎన్నడూ యుద్ధంలో లేనని, దూరం నుంచి కూడా వినలేదని మొదటి వాక్యంలోనే ఒప్పుకుంటాడు. అజింకూర్, వాటర్లూ, సోమ్ అనే మూడు యుద్ధాల్లో మామూలు సైనికుడికి ఏం కనిపించింది, ఏం వినిపించింది, ఎందుకు పారిపోకుండా నిలబడ్డాడు అని అడుగుతాడు. 1916 జూలై 1న సోమ్ దగ్గర ఒక్క రోజులో బ్రిటిష్ సైన్యం 57 వేల మందికి పైగా నష్టపోయింది. వాళ్లలో 19 వేల మంది చనిపోయారు. ఆ భాగం రాత్రి పడుకునే ముందు చదవకండి. తమ్ముడున్న ఇంట్లో ఆడపిల్లకు ఇది చదవమని చెప్పాలా వద్దా అని నేను చాలాసేపు ఆలోచించాను. చెప్పాలనే అనిపించింది. వాడు సెలవులకు వచ్చినప్పుడు ఎందుకు ఎక్కువ మాట్లాడడో ఈ పుస్తకం కొంత చెబుతుంది.

ఇప్పుడు మళ్లీ క్లాజ్‌విట్జ్ దగ్గరికి రండి. ఈసారి ఆయన వేరే మనిషిలా కనిపిస్తాడు. ఆయనా ఓడినవాడే. 1806లో నెపోలియన్ చేతిలో ఆయన దేశం, నాటి జర్మన్ రాజ్యం ప్రష్యా చిత్తయినప్పుడు ఖైదీగా పట్టుబడ్డాడు. ఎందుకు ఓడిపోయామన్న ప్రశ్న జన్మంతా ఆయన్ని వదల్లేదు. పుస్తకం పూర్తికాకుండానే 1831లో కలరాతో పోయాడు. ఆ మరుసటి ఏడాది నుంచి భార్య మేరీ దాన్ని అచ్చు వేయించింది. సగంలో ఆగిన పుస్తకం కాబట్టి అక్కడక్కడా తనతో తానే విభేదిస్తుంటాడు. మొత్తం చదవకండి. మొదటి భాగం మొదటి అధ్యాయం, అదే భాగంలో ఏడో అధ్యాయం, ఎనిమిదో భాగంలో ఆరో అధ్యాయం చాలు. ఏడో అధ్యాయంలో రాపిడి అనే మాట వస్తుంది. కాగితం మీద తేలికగా ఉన్న ప్రతి పనీ యుద్ధంలో ఎందుకు బరువెక్కుతుందో చెబుతాడు. స్లిమ్ మాత్రలు, దల్వీ లోయలో పడ్డ సరుకు, బ్లాక్ పెట్రోలు లెక్కలు అన్నీ అక్కడ ఒక్కచోటికి చేరతాయి. 1976లో హోవర్డ్, పారెట్ చేసిన అనువాదం తీసుకోండి. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే పాత అనువాదం భాష మిమ్మల్ని మళ్లీ ఆపేస్తుంది.

యుద్ధం రాజకీయానికి కొనసాగింపు అని ఆయన అన్న మాట అందరూ చెబుతుంటారు. తెలుగువాళ్లకు ఇది పరాయి సంగతి కాదమ్మా. భారతంలో పర్వాల వరస చూడండి. భీష్మ పర్వానికి ముందు ఉద్యోగ పర్వం ఉంది. ఐదూళ్లిస్తే చాలని అడగడం, రాయబారాలు, బెదిరింపులు, ఎవరు ఎటువైపు అన్న లెక్కలు అన్నీ అందులోనే. యుద్ధం అయిపోయాక స్త్రీ పర్వం, ఆ తర్వాత శాంతి పర్వం. బాణాలు వేసే పర్వాలు ఈ రెంటికీ మధ్యలో ఉన్నాయి. టీవీలో చూపించేది ఆ మధ్య పర్వాలనే. తిక్కన ఉద్యోగ పర్వం, కనీసం కృష్ణ రాయబారం భాగం, వ్యాఖ్యానంతో చదివితే ఏ విదేశీ పుస్తకమూ నేర్పలేనంత రాజనీతి ఒంటపడుతుంది.

మన భాషలో మాటలు కూడా సిద్ధంగా ఉన్నాయి. వ్యూహం, ఎత్తుగడ అని రెండు మాటలు ఎప్పటినుంచో వాడుతున్నాం. కొండను ఎలా ఎక్కి పోస్టును పట్టుకోవాలన్నది ఎత్తుగడ. ఆ కొండ పట్టుకుంటే యుద్ధం మొత్తానికి ఏం ఒరుగుతుందన్నది వ్యూహం. అసలు ఈ యుద్ధం మనకెందుకన్నది రాజనీతి. ఏ వార్త విన్నా ఇది ఈ మూడింట్లో ఏ అంతస్తు మాట అని అడగండి. ఫలానా క్షిపణి ఫలానా చోట పడిందన్నది కింది అంతస్తు. దాంతో యుద్ధం గెలిచేశామనడం కింది అంతస్తు నుంచి ఒక్క గెంతులో మేడ మీదికి వెళ్లడం.

తెలుగులో ఏమున్నాయని అడిగారు. భారతం కాక, పుల్లెల శ్రీరామచంద్రుడుగారి కౌటిలీయ అర్థశాస్త్రం ఉంది. మొత్తం పదిహేను అధికరణాలు. ఏడో అధికరణంలో సంధి, విగ్రహం (యుద్ధం), ఆసనం (కదలకుండా కూర్చోవడం), యానం (దండెత్తడం), సంశ్రయం (బలవంతుణ్ణి ఆశ్రయించడం), ద్వైధీభావం (ఒకరితో సంధి, ఇంకొకరితో యుద్ధం) అనే ఆరు పద్ధతులు వస్తాయి. ఎప్పుడు యుద్ధానికి పోకుండా కూర్చోవాలో కౌటిల్యుడు అంత ఓపికగా చెప్పడం మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. ఆధునిక యుద్ధాల మీద మాత్రం తెలుగులో లోతైన పుస్తకాలు చాలా తక్కువ. ఈ మాట రాయడానికి నాకు బాధగా ఉంది. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటారు, రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరి మనుషులు వెళ్లారు. మీ శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి ఏటా ఎంతమంది కుర్రాళ్లు భర్తీకి పరిగెత్తుతారో మీకే బాగా తెలుసు. పిల్లల్ని పంపే ఇళ్లలో చదువుకోవడానికి ఆ భాషలో పుస్తకం ఉండాలి. దల్వీనీ స్లిమ్‌నూ ఎవరైనా మంచి తెలుగులోకి తెస్తే నేను ఊరూరా తిరిగి చెబుతాను.

సన్ ట్జును కూడా పారేయకండి. పదమూడు చిన్న అధ్యాయాల్లో రెండోది మళ్లీ చదవండి. లక్షమంది సైన్యాన్ని కదిలిస్తే రోజుకు ఎంత ఖర్చవుతుందో లెక్క చెప్పి, సుదీర్ఘ యుద్ధంతో బాగుపడిన రాజ్యం లేదంటాడు. జీవితంలో, వ్యాపారంలో గెలుపు కోసం అని అమ్మే పుస్తకాల్లో ఈ అధ్యాయాన్ని పెద్దగా పట్టించుకోరు.

అణ్వాయుధాలున్న రెండు దేశాల మధ్య తగాదా ఎలా నడుస్తుందో తెలియాలంటే థామస్ షెల్లింగ్ ‘ఆర్మ్స్ అండ్ ఇన్‌ఫ్లుయెన్స్’ చదవాలి. 1966 నాటిది. ఆయన ఆర్థికవేత్త, 2005లో నోబెల్ వచ్చింది. ఆయన చెప్పే అసలు సంగతి మన గట్టు తగాదాల్లో ఉన్నదే. పక్క చేను రైతు మన గట్టు మీదికి జరగకుండా ఆపడం ఒక పని. జరిపేసిన గట్టును వెనక్కి జరిపించడం ఇంకో పని. మొదటి దాంట్లో కర్ర పట్టుకుని నిలబడితే చాలు, కదలాల్సింది అతను. రెండో దాంట్లో మనమే ముందు కదలాలి, అతను ఊరంతా చూస్తుండగా వెనక్కి తగ్గాలి. అందుకే రెండోది ఎన్నో రెట్లు కష్టం. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి తర్వాత మన సైన్యం దాదాపు పది నెలలు సరిహద్దులో నిలబడి వెనక్కి వచ్చింది. 2019 బాలాకోట్, 2025 మే, వీటన్నింటినీ ఈ రెండు పనుల తేడాతో చూడండి. ఏది ఆపడానికి, ఏది వెనక్కి జరిపించడానికి అని అడిగితే సగం చర్చలు అక్కడే తేలిపోతాయి.

దాంతో పాటే కార్గిల్. సుబ్రహ్మణ్యం కమిటీ నివేదిక 2000లో పుస్తకంగా వచ్చింది, ‘ఫ్రమ్ సర్‌ప్రైజ్ టు రెకనింగ్’ అని. కొన్ని భాగాలు తీసేశారు. అయినా ఒక ప్రజాస్వామ్యం తన ఏమరుపాటును తానే రాసుకున్న పుస్తకం అది, మనం గర్వపడాల్సిన విషయం. అప్పటి సైన్యాధిపతి వి.పి. మాలిక్ 2006లో రాసిన ‘కార్గిల్: ఫ్రమ్ సర్‌ప్రైజ్ టు విక్టరీ’ పక్కన పెట్టుకుని చదవండి. నియంత్రణ రేఖ దాటకూడదన్న ఒక్క రాజకీయ నిర్ణయం కొండ మీద జవాను పనిని ఎంత కష్టం చేసిందో, ప్రపంచాన్ని మనవైపు ఎలా తిప్పిందో రెండూ అందులో కనిపిస్తాయి.

గెలుపు గురించి ఒక్క పుస్తకమైనా చదవాలి కదా. బంగ్లాదేశ్ యుద్ధం మీద రాఘవన్ 2013లో రాసిన ‘1971’ తీసుకోండి. బంగ్లాదేశ్ పుట్టుక రాసిపెట్టి ఉన్నది కాదని, వాషింగ్టన్, మాస్కో, బీజింగ్‌లలో ఎన్నో మలుపులు కలిస్తే జరిగిందని చూపిస్తాడు. గెలుపు కథల్లో ఎంత తకరారు ఉంటుందో మీ దగ్గరే ఉంది చూడండి. విశాఖ బీచ్ రోడ్డులో కుర్సురా సబ్‌మెరైన్‌కు దగ్గర్లోనే విక్టరీ ఎట్ సీ స్మారకం ఉంది. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ విశాఖ తీరంలో మునిగిపోయింది. మన ఐఎన్ఎస్ రాజ్‌పుత్ ముంచిందని మనం అంటాం, లోపలి పేలుడు వల్లనో మందుపాతర వల్లనో మునిగిందని పాకిస్తాన్ అంటుంది. యాభై ఏళ్లు దాటినా తగువు తీరలేదు. అలాంటిది రాత్రి జరిగిన దాని గురించి తెల్లారేసరికి మొత్తం తెలుసని చెప్పేవాళ్లను ఎంత నమ్మాలో మీరే చూసుకోండి.

ఇవాళ్టి యుద్ధానికి ఉక్రెయిన్ ఒక్కటే పెద్ద పాఠశాల. పుస్తకాలు ఇంకా తయారవుతున్నాయి. లండన్‌లోని రూసీ (RUSI) అనే రక్షణ అధ్యయన సంస్థ నివేదికలు ఇంటర్నెట్‌లో ఉచితం. 2022 నవంబరులో వాళ్లు ఇచ్చిన పెద్ద నివేదిక చదవండి. కీవ్ దగ్గర రష్యాను ఆపింది భుజం మీది క్షిపణులని ప్రపంచమంతా అనుకుంటుండగా, రోజూ ఆగకుండా కాల్చిన ఫిరంగులే ఎక్కువగా ఆపాయని అందులో ఉంది. నాలుగు రెక్కల చిన్న డ్రోన్ సగటున మూడుసార్లు ఎగిరేసరికి పోతోందని కూడా ఉంది. అంటే డ్రోన్ యుద్ధమన్నా చివరికి ఎన్ని తయారు చేయగలం, ఎంత తొందరగా ముందుకు చేర్చగలం అన్న దగ్గరికే వస్తుంది. మళ్లీ లారీల దగ్గరికే.

ఇవన్నీ ఒకేసారి కొనకండి. స్లిమ్ ఒక్కటి చాలు రెండు నెలలకు. ఆదివారం పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతకండి, దల్వీ కూడా దొరికితే దొరకవచ్చు. లేకపోతే అఫ్జల్‌గంజ్ లైబ్రరీలో అడగండి. చదివేటప్పుడు పక్కన మ్యాపు ఉండాలి, అది లేకుండా యుద్ధం పుస్తకం చదవడం రాగం తెలియకుండా పద్యం చదివినట్టే. ఫోన్‌లో కొండలు, నదులు కనిపించే మ్యాపు చాలు. ఒక నోట్‌బుక్కులో ప్రతి అధ్యాయం తర్వాత రెండు మాటలు రాసుకోండి. ఈ నిర్ణయం తీసుకున్నవాడికి ఆ క్షణాన ఏం తెలుసు, ఏం తెలియదు అని. అంతా అయిపోయాక మనకు తెలిసిన సంగతులతో అతన్ని తూకం వేయకండి.

తమ్ముడితో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు ఎక్కడున్నావు, యూనిట్ ఎటు కదులుతోంది అని మాత్రం అడగకండి. వాడు చెప్పకూడదు, మీరు వినకూడదు. తిండి ఎలా ఉంది, బూట్లు సరిపోయాయా, నిద్ర పడుతోందా అని అడగండి. స్లిమ్ కూడా తన జవాన్ల గురించి పట్టించుకున్నది వీటినే.

ఇంట్లో రంగం నుంచి నడిచొచ్చిన వాళ్ల కబుర్లు తెలిసిన పెద్దవాళ్లు ఎవరైనా మిగిలి ఉంటే, ఈసారి ఊరెళ్లినప్పుడు కూర్చోబెట్టి రాసుకోండి. ఏ దారిన వచ్చారో, ఎక్కడ పడవ ఎక్కారో, ఎవరు దారిలో ఆగిపోయారో. తర్వాత స్లిమ్ పుస్తకంలోని మ్యాపు మీద ఆ దారి గీసి చూడండి. ఇంఫాల్ అధ్యాయం దగ్గర ఎక్కడైనా తికమక పడితే నాకు రాయండి, ఆ కొండలూ రోడ్లూ నేనే కాగితం మీద గీసి పంపుతాను.